ఇటుక చిమ్నీ ఉంది కదా! మాస్ హీటర్ పొగని అందులోకే పంపాలా, వేరే దారి చూడాలా?

“అన్నా, చిమ్నీ ఎలాగూ ఉంది కదా. గొట్టం తీసుకెళ్ళి దాంట్లో దూర్చేస్తే పోలా?”

అమెరికాలో మంచు కురిసే ఊళ్ళలో పాత ఇల్లు కొనుక్కుని, కట్టెలు కాల్చి ఆ వేడిని ఇటుక, మట్టిలో దాచుకునే మాస్ హీటర్ కట్టుకుందామనుకునే మనవాళ్ళు నన్ను మొదట అడిగేది ఇదే. నేనూ ఒకప్పుడు అదే అనుకున్నాను. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ దగ్గర మేం కొన్న ఇల్లు 1928 నాటిది. పడమటి గోడకి బయటివైపున ఆనుకుని నిలువెత్తు ఇటుక చిమ్నీ ఉంది. మా ఆవిడకి ఆ ఇల్లు నచ్చిందే సగం దాన్ని చూసి.

ఒక జనవరి పొద్దున, బయట మైనస్ 15 ఉన్నప్పుడు, ఆ చిమ్నీ అడుగున బూడిద తీసే చిన్న ఇనప తలుపు తెరిచి దాని ముందు వెలిగించిన అగరుబత్తి పట్టుకున్నాను. పొగ లోపలికి పోవాలి. పోలేదు. తిన్నగా నా ముఖం మీదికి వచ్చింది. చిమ్నీ గాలిని పైకి లాగడం మానేసి కిందికి దింపుతోంది. ఆ పరీక్ష నేను చేసింది పొయ్యి కట్టాక. కట్టకముందు చేసి ఉంటే ఒక చలికాలం, బోలెడు డబ్బు మిగిలేవి.

కాబట్టి ఉన్న చిమ్నీని యథాతథంగా వాడుకోవడమా, అందులో స్టీలు లైనర్ (చిమ్నీ లోపల పైనుంచి కిందిదాకా వేసే గొట్టం) దించడమా, దాన్ని వదిలేసి ఇంటి మధ్యలోంచి కొత్త గొట్టం వేయడమా అన్నది చూద్దాం. గోడకి బొక్క కొట్టి పొగని పక్కకి వదిలెయ్యడం గురించి, అసలు ఈ గొడవే వద్దు మామూలు స్టవ్ చాలు అనుకోవడం గురించి కూడా కొంచెం.

ఈ పొయ్యి చిమ్నీకి మిగిల్చేది ఎంత?

మామూలు కట్టెల స్టవ్ వేడిలో కొంత ఇంటికిస్తుంది, మిగతాది చిమ్నీలోకి వదిలేస్తుంది. ఆ వదిలేసిన వేడే చిమ్నీని నడిపిస్తుంది. మాస్ హీటర్ తీరు వేరు. కాసేపు బాగా మంట పెట్టి, ఆ వేడినంతా టన్నుల కొద్దీ ఇటుక, రాయి, మట్టిలోకి పట్టించి, రాత్రంతా నెమ్మదిగా ఇంటికి వదులుతుంది. ఇది ఎంత బాగా పనిచేస్తే చిమ్నీకి అంత తక్కువ వేడి అందుతుంది.

వీటిలో రెండు జాతులున్నాయి. ఒకటి ఐరోపాలో వందల ఏళ్ళుగా కడుతున్న ఇటుక హీటర్. స్వీడన్‌లో కట్టెల కరువు వచ్చినప్పుడు 1767లో కార్ల్ యోహాన్ క్రోన్‌స్టెడ్, ఫాబియన్ వ్రేడే అనే ఇద్దరు పొగని లోపలే మెలికలు తిప్పే పొయ్యిని రూపొందించారు. ఫిన్లాండ్ వాళ్ళవి, రష్యా వాళ్ళవి ఇంకో రకం మెలికలు. వీటి పొగ చిమ్నీని చేరేసరికి సాధారణంగా 120 నుంచి 180 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా ఉంటుంది. ఇటుక చిమ్నీతో కలిసి పుట్టినవి కనుక దాంతో పెద్దగా పేచీ పెట్టుకోవు.

రెండోది రాకెట్ మాస్ హీటర్. 1980ల్లో ఆరెగన్‌లో ఇయాంటో ఎవాన్స్, ఆయన తోటివాళ్ళు మొదలుపెట్టారు. కట్టెలు నిలువుగా పెట్టే చిన్న నోరు, అడ్డంగా మంట పరుగెత్తే సొరంగం, దాని చివర వేడి పోకుండా కట్టిన నిలువు గొట్టం, దాని మీద బోర్లించిన 55 గ్యాలన్ల ఇనప డ్రమ్ము. అక్కణ్ణుంచి పొగ అరుగులోకి. అవును, అరుగే. బంకమట్టి, ఇసుక, గడ్డి కలిపి కాళ్ళతో అడుసు తొక్కి కట్టే అరుగు, లోపల పొగ గొట్టాలు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు దాని మీంచి లేవనే లేదు. లంబసింగి చలికి చలిమంట చాలేమో గానీ, ఇక్కడి చలికి ఒళ్ళు ఆనించడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఈ రాకెట్ పొయ్యి అరుగు దాటి బయటికొచ్చే పొగ 40 నుంచి 90 డిగ్రీలే ఉంటుంది. వేడి తక్కువున్నప్పుడు గొట్టం మీద చెయ్యి పెట్టి ఉంచవచ్చు. సరిగ్గా అక్కడే తిరకాసు.

వేడి తగ్గితే లాగుడు ఎంత తగ్గుతుంది

చిమ్నీ గాలిని లాగేది లోపలి గాలి వేడిగా, తేలిగ్గా ఉండబట్టి. లెక్క వేసి చూద్దాం. చిమ్నీ ఎత్తు 7 మీటర్లు, అంటే 23 అడుగులు. బయట సున్నా డిగ్రీలు. లోపలి గాలి సగటున 200 డిగ్రీలుంటే లాగుడు సుమారు 37 పాస్కల్స్ (గాలి ఒత్తిడికి కొలత). 60 డిగ్రీలే ఉంటే 16. అదే 60 డిగ్రీల పొగ చల్లటి ఇటుకల మధ్య పైకి పోతూ పోతూ చల్లారి, సగటు 30కి పడిపోతే 9 పాస్కల్స్ కూడా మిగలదు. ఇవన్నీ రాపిడి లెక్కలోకి తీసుకోకముందు. అరుగులో ముప్ఫై అడుగుల గొట్టం, నాలుగు మలుపులు ఉన్నాయంటే ఆ 9లోంచే వాటి కోత కూడా పోవాలి.

కాబట్టి గొట్టం చిమ్నీలో పడుతుందా అని అడిగితే చాలదు. మిగిలిన ఆ కాస్త వేడితో ఈ చిమ్నీ పైకొస దాకా వెచ్చగా ఉంటుందా అని అడగాలి. పొయ్యి మంచిదైన కొద్దీ ఈ ప్రశ్న బిగుసుకుంటుంది.

లాగుడు తగ్గితే రాకెట్ పొయ్యిలో ఏం జరుగుతుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. మంట కింద సొరంగంలోకి పోకుండా, నిలబెట్టిన కట్టెల వెంట పైకి పాకి నోట్లోంచి బయటికి తొంగిచూస్తుంది. వెనకే పొగ. మొదటి చలికాలం మా ఇంట్లో వారానికి రెండుసార్లయినా స్మోక్ అలారం కూసేది. పిల్లలకి అది అలవాటైపోయి పట్టించుకోవడం మానేశారు. అసలు టెన్షన్ నాకు అప్పుడు మొదలైంది.

ఇక నీళ్ళు. ఎండిన కట్టె అని మనం అనుకునేదాంట్లోనూ ఐదో వంతు తేమ ఉంటుంది. అది కాక, కట్టె కాలినప్పుడు అందులోని హైడ్రోజన్ కూడా నీటి ఆవిరిగా మారుతుంది. కిలో కట్టెకి సుమారు 600 గ్రాముల నీళ్ళు. రోజుకి పది కిలోలు కాలిస్తే ఆరు లీటర్లు. మామూలు స్టవ్‌లో ఇదంతా ఆవిరిగానే బయటికి పోతుంది. 50 డిగ్రీల పొగ చల్లటి ఇటుకని తాకితే గోడల మీదే చెమటలా పడుతుంది. మసి, కొద్దిపాటి ఆమ్లాలు కలిసిన ఆ నీళ్ళు సున్నపు గచ్చుని కొద్దికొద్దిగా తినేస్తాయి. ఇటుకలోకి ఇంకిన నీరు రాత్రికి గడ్డకట్టి ఉబ్బి, ఇటుక ముఖాన్ని పెచ్చులుగా ఊడగొడుతుంది. ఫిబ్రవరికల్లా మా బూడిద తలుపు కింద టీ డికాషన్ రంగు మరక కనపడింది. మార్చిలో మేడ మీద పడకగది గోడకి అదే రంగు.

టేపు, అగరుబత్తి పట్టుకుని ముందు చూడాల్సినవి

చిమ్నీ ఇంటి లోపల ఉందా, బయట ఉందా? అన్నిటికన్నా ముందు ఇదే. ఇంటి నడిమధ్యలోంచి పైకి పోయే చిమ్నీకి చుట్టూ గదుల వెచ్చదనం ఉంటుంది. కప్పు పైన మూడు నాలుగు అడుగులే చలికి ఆని ఉంటుంది. గోడకి బయట కట్టిన చిమ్నీకి మూడు పక్కలా చలి. వెచ్చగా ఉన్న ఇల్లే అప్పుడు పెద్ద చిమ్నీ అవుతుంది. వేడి గాలి మేడ మీది సందుల్లోంచి పైకి పోతూ, దాని బదులు చల్లగాలిని అసలు చిమ్నీలోంచి కిందికి గుంజుకుంటుంది. నా అగరుబత్తి చెప్పింది అదే. పొయ్యి బేస్‌మెంట్‌లో పెడితే ఇది ఇంకా ఎక్కువ.

లోపలి పొగదారి కొలత ఎంత? బయటి ఇటుకల కొలత కాదు, లోపల ఉన్న మట్టి పెంకు గొట్టం కొలత. ఇక్కడ కొంచెం నిదానిద్దాం, చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ‘8 బై 8’ అని పిలిచే పెంకు గొట్టం లోపలి కొలత 6.75 అంగుళాలే. వైశాల్యం 45 చదరపు అంగుళాలు. ‘13 బై 13’ రకం లోపల 11.25 అంగుళాలు, 126 చదరపు అంగుళాలు. మన పొయ్యి గొట్టం 6 అంగుళాలదైతే 28, 8 అంగుళాలదైతే 50.

చిమ్నీలకి ఇక్కడి ప్రమాణం, అగ్నిప్రమాదాల నివారణ సంస్థ రాసిన ఎన్‌ఎఫ్‌పీఏ 211. పొయ్యి గొట్టం వైశాల్యానికి చిమ్నీ లోపలి చోటు మూడు రెట్లు మించకూడదంటుంది. చిమ్నీ గోడలు బయట చలికి ఆని ఉంటే రెండు రెట్లే. ఆరంగుళాల పొయ్యిని 13 బై 13లో పెడితే నాలుగున్నర రెట్లు, అంటే లోపల ఉన్నా బయట ఉన్నా కుదరదు. ఎనిమిదంగుళాల పొయ్యికి అదే చిమ్నీ రెండున్నర రెట్లు. ఇంటి లోపలైతే సరే, బయటైతే తప్పు. మాది ఈ చివరిదే. ఆరంగుళాల పొయ్యి, 8 బై 8 చిమ్నీ అయితే 1.6 రెట్లు, ఈడూ జోడూ కుదిరినట్టే. ఎనిమిదంగుళాల పొయ్యిని 8 బై 8లో పెట్టాలని మాత్రం చూడకండి, దారి ఇరుకైపోతుంది. పైగా ఇవన్నీ వేడి పొగ వదిలే స్టవ్‌లని దృష్టిలో పెట్టుకున్న హద్దులు. చల్లటి పొగ వదిలే మనకి ఇంకా బిగువుగా ఉంటేనే మంచిది.

ఆ పొగదారిని ఇంకెవరైనా వాడుతున్నారా? పాత ఇళ్ళలో ఇల్లంతా వెచ్చబరిచే ఆయిల్ ఫర్నేస్, గ్యాస్ వాటర్ హీటర్ అదే చిమ్నీలోకి వదులుతుంటాయి. కట్టెల పొయ్యి పొగ ఇంకో యంత్రం పొగదారిలో కలవకూడదు. ఇందులో బేరం లేదు. ఒకే ఇటుక చిమ్నీలో రెండు మూడు వేర్వేరు దారులుంటాయి, వాటిలో ఖాళీది ఉందేమో చూడండి.

లోపల పెంకు గొట్టం అసలు ఉందా, ఉంటే అతుకులు గట్టిగా ఉన్నాయా? దీనికి టార్చి చాలదు. మా చిమ్నీని మొదట చూసినాయన కింది నుంచి టార్చి వేసి, పది నిమిషాల్లో “బ్రహ్మాండంగా ఉంది” అని చెప్పి డబ్బులు తీసుకుని వెళ్ళాడు. ఏడాది తర్వాత ఇంకొకాయన కెమెరా దించితే రెండు అతుకుల్లో గచ్చు మొత్తం రాలిపోయి ఉంది. మేడ మీది మరక సరిగ్గా ఆ ఎత్తులోనే. ఇల్లు చేతులు మారినప్పుడు, చిమ్నీకి పెట్టే పొయ్యి మార్చినప్పుడు లెవెల్ 2 తనిఖీ చెయ్యాలని అదే ఎన్‌ఎఫ్‌పీఏ చెబుతుంది. కెమెరా దించేది అందులోనే. అడిగి చేయించుకోండి.

చివరిది మన వంటిళ్ళ సంగతి. పోపు ఘాటు, చేపల వేపుడు వాసన తట్టుకోలేక మనవాళ్ళు చాలామంది వంట పొయ్యి మీద పెద్ద హుడ్ పెట్టించుకుంటారు. నిమిషానికి 600, 900 ఘనపుటడుగుల గాలిని బయటికి తోసేవి. ఆ గాలి ఎక్కణ్ణుంచో లోపలికి రావాలి కదా. అన్నిటికన్నా సులువైన దారి చిమ్నీయే. 9 పాస్కల్స్‌తో ఈడ్చుకొస్తున్న చిమ్నీని ఆ ఫ్యాను చిటికెలో తిరగదోస్తుంది. 400 దాటిన హుడ్‌కి బయటి గాలి లోపలికొచ్చే దారి విడిగా పెట్టాలని అమెరికా ఇళ్ళ నిర్మాణ నియమాల్లోనే (కోడ్) ఉంది. అగరుబత్తి పరీక్షని కిటికీలన్నీ మూసి, హుడ్ ఫుల్‌లో పెట్టి ఇంకోసారి చెయ్యండి. వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే అలారం పొయ్యి ఉన్న అంతస్తులో ఒకటి, పడకగదుల దగ్గర ఒకటి ఉండాలి. ఏ దారి ఎంచుకున్నా ఇది తప్పదు.

ఉన్న చిమ్నీని ఉన్నట్టే వాడుకోవడం

చిమ్నీ ఇంటి లోపల ఉంది, పెంకు గొట్టం ఎక్కడా పగల్లేదు, కొలత కుదిరింది, ఇంకెవరూ వాడటం లేదు, చుట్టుపక్కల కలపకి చాలినంత సందు ఉంది. ఈ ఐదూ ఉంటే హాయిగా ఇదే చెయ్యండి. చౌక అని మాత్రమే కాదు. లోపలి ఇటుక చిమ్నీ వెచ్చబడితే ఆ వేడి కూడా మేడ మీది గదులకే వస్తుంది. అరుగు పై అంతస్తు దాకా సాగినట్టే.

ఇటుక హీటర్ కడుతున్నవాళ్ళకి ఈ దారి ఇంకా సులువు, వాళ్ళ పొగలో వేడి మిగిలే ఉంటుంది. రాకెట్ పొయ్యి అయితే రెండు జాగ్రత్తలు. మొదటిది, అరుగులో గొట్టాలు అతిగా తిప్పొద్దు. ఎనిమిదంగుళాల పొయ్యికి 50 అడుగులు, ఒక్కో తొంభై డిగ్రీల మలుపుకి అందులో 5 అడుగులు కోత అని కట్టేవాళ్ళ లెక్క. మా అరుగులో నాలుగు మలుపులకి 20 పోతే 30 మిగిలాయి, నేను వేసింది 28. బలహీనమైన చిమ్నీకి అది కూడా ఎక్కువే. గొట్టాలకి బదులు అరుగుని లోపల బోలుగా ఇటుకల పెట్టెలా కడితే, వేడి పొగ పైకి తేలి చల్లారాక కింది నుంచి బయటికి పోతుంది, రాపిడి బాగా తగ్గుతుంది. మళ్ళీ కట్టే పనైతే నేను అలాగే కడతాను. రెండోది, డ్రమ్ము నుంచి నేరుగా చిమ్నీకి పోయే అడ్డదారి ఒకటి, దానికో డ్యాంపర్ (తెరిచి మూసే పలక). చల్లటి పొద్దున ముందు అడ్డదారి తెరిచి, చిమ్నీ వేడెక్కాక మూసి అరుగులోకి మళ్ళించాలి.

ఇక్కడ నాకు కొందరితో పేచీ ఉంది. “పొగ అరవై డిగ్రీలే కదా, పగిలిన చిమ్నీ అయినా ఏమవుతుంది” అంటారు. అడ్డదారి తెరిచి మర్చిపోయిన రోజున అది అరవై కాదు. రేపు ఇల్లు కొన్నవాళ్ళు అరుగు పడగొట్టి అదే చిమ్నీకి మామూలు స్టవ్ తగిలిస్తే అసలే కాదు. లోపలి చిమ్నీకీ చుట్టుపక్కల కలపకీ మధ్య 2 అంగుళాలు, బయటి చిమ్నీకైతే 1 అంగుళం ఖాళీ ఉండాలని కోడ్. పాత ఇళ్ళలో దూలాలు ఇటుకకి ఆనుకునే ఉంటాయి. ఆ సందు లేనప్పుడు నేను యథాతథంగా వాడమని ఎవరికీ చెప్పను.

స్టీలు లైనర్ దించడం

చిమ్నీ బయట ఉంటే నా సలహా సూటిగా ఇదే. చుట్టూ ఇన్సులేషన్ చుట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు లైనర్, పొయ్యి గొట్టం ఎంతో అంత కొలతలో. ఆరుకి ఆరు, ఎనిమిదికి ఎనిమిది.

పల్చటి స్టీలుని వేడెక్కించడానికి నిమిషాలు చాలు. అదే వందల కిలోల చల్లటి ఇటుకని వేడెక్కించాలంటే పూటంతా మండించినా సరిపోదు. లైనర్ చుట్టూ ఉన్న ఇన్సులేషన్ ఆ కాస్త వేడినీ ఇటుకకి పోనివ్వదు. నీళ్ళు పడినా స్టీలు లోపలే కిందికి జారతాయి, గచ్చుని తాకవు. కలపకి చాలినంత సందు లేని చిమ్నీకి కూడా, యూఎల్ అనే భద్రతా పరీక్షల సంస్థ 1777 ముద్ర ఉన్న లైనర్‌ని దాని కంపెనీ చెప్పిన మందంలో ఇన్సులేషన్‌తో వేస్తే అనుమతి ఉంటుంది. కట్టెల పొయ్యికి 316 రకం స్టీలు తీసుకోండి. అల్యూమినియం లైనర్లు గ్యాస్ యంత్రాలకి, వాటి వైపు చూడొద్దు. ఇన్సులేషన్ లేకుండా ఉత్త లైనర్ దించితే డబ్బు సగం వృథా. బయటి చిమ్నీలో అదీ చల్లబడుతుంది, కొంచెం ఆలస్యంగా, అంతే.

అడ్డం వచ్చేది చోటు. ఆరంగుళాల లైనర్‌కి అరంగుళం ఇన్సులేషన్ చుట్టూ చుడితే మొత్తం ఏడు దాటుతుంది. 8 బై 8 పెంకు గొట్టం లోపల ఉన్నది 6.75. దూరదు. అప్పుడు లోపలి పెంకుని పైనుంచి యంత్రంతో పగలగొట్టి తీసి, ఆ ఖాళీలో దించుతారు. దుమ్ము, శబ్దం, ఖర్చు అన్నీ ఎక్కువే. మాకు 13 బై 13 కావడం ఈ ఒక్క విషయంలో కలిసొచ్చింది. ఎనిమిదంగుళాల లైనర్, చుట్టూ దుప్పటిలాంటి ఇన్సులేషన్, ఇంకా వేళ్ళు దూరే సందు మిగిలింది.

సెప్టెంబరులో ఇద్దరు వచ్చి, ఒకరు పైనుంచి పాముని వదిలినట్టు వదులుతుంటే, ఇంకొకరు కింద తాడు పట్టుకుని లాగారు. మధ్యాహ్నానికి అయిపోయింది. ఆ డిసెంబరులో మైనస్ 12లో మళ్ళీ అగరుబత్తి పట్టాను. పొయ్యి వెలిగించకముందు పొగ ఎటూ పోకుండా నిలబడింది. ఉండ చుట్టిన న్యూస్‌పేపరు ఒకటి చిమ్నీ అడుగున వెలిగించాను, అంతే, అగరుబత్తి పొగ గీత గీసినట్టు లోపలికి వంగింది. పాత చిమ్నీలో ఆరు ఉండలు కాల్చినా దిక్కులేదు.

అంటే లైనర్ వేసినా మొదటి కాగితం తప్పదు. దానికి అందుబాటులో ఒక తలుపు పెట్టించుకోండి.

చిమ్నీని వదిలేసి ఇంటి లోపలి నుంచి కొత్త గొట్టం

రెండు పొరల స్టీలు మధ్య ఇన్సులేషన్ ఉన్న ఫ్యాక్టరీ గొట్టం. ఇక్కడ క్లాస్ ఏ చిమ్నీ అంటారు. యూఎల్ 103 హెచ్‌టీ ముద్ర ఉన్నది కావాలి. పొయ్యి ఇంటి మధ్యలో ఉంటే అక్కణ్ణుంచి తిన్నగా పైకి, పడకగది అల్మరాలోంచి, అటకలోంచి, కప్పు దాటి. లాగుడు పరంగా దీనికి సాటి లేదు. మలుపు ఉండదు, ఆఖరి కొన్ని అడుగులు తప్ప అంతా వెచ్చటి ఇంటి లోపలే.

ఖర్చు మూడింటిలోనూ ఎక్కువ. ప్రతి అంతస్తులో మంట పాకకుండా అడ్డుపలకలు, చుట్టూ 2 అంగుళాల సందు, కప్పుకి కొత్త బొక్క. ఆ బొక్క దగ్గర రేకు సరిగ్గా పరచకపోతే వాన నీళ్ళ గోల. బయటి చిమ్నీ ఒరిగిపోయినా, ఫర్నేస్ దాన్ని వదలకపోయినా, అరుగుకీ చిమ్నీకీ మధ్య పదిహేనడుగులు అడ్డంగా గొట్టం నడపాల్సి వస్తున్నా ఇదే మేలు. చిమ్నీ గోడ దగ్గర ఉంది కదా అని పొయ్యిని కూడా చలిగోడ పక్కకి జరిపేవాళ్ళని చూశాను. రెండు టన్నుల వేడి ముద్దని ఇంటి మూలలో పెడితే సగం వేడి వీధికి. పొయ్యి ఎక్కడ ఉండాలో ముందు తేల్చుకుని, తర్వాత చిమ్నీ గురించి ఆలోచించండి.

కొత్తదైనా పాతదైనా పైన ఎత్తు లెక్క ఒకటే. కప్పుని దాటే చోటు నుంచి కనీసం 3 అడుగులు, పదడుగుల లోపు ఉన్న కప్పు భాగం కన్నా 2 అడుగులు ఎత్తు ఉండాలి. తక్కువైతే గాలి కప్పు మీదుగా దొర్లి కిందికి కొడుతుంది.

గోడకి బొక్క కొట్టి పక్కకి వదలడం

పొగ చల్లగా ఉంది కాబట్టి బట్టలారేసే డ్రయర్ గొట్టంలా గోడలోంచి పంపేస్తే చాలు అని కొందరు చేస్తారు, వీడియోల్లో నడుస్తున్నట్టే కనిపిస్తుంది. గాలి అటువైపు నుంచి వీచనంతసేపు నడుస్తుంది. ఒంటారియో సరస్సు గాలి ఒక్కసారి ఎదురు తిరిగితే ఇల్లంతా పొగ. కిటికీ పక్కనే కార్బన్ మోనాక్సైడ్. వద్దు.

మామూలు స్టవ్ చాలనుకునేవాళ్ళు

మూడేళ్ళలో అమ్మేసి వెళ్ళిపోయే ఇల్లయితే మాస్ హీటర్ కట్టకండి. నేల కింద పునాది సరిచూసుకోవాలి, టౌన్ ఆఫీసులో పర్మిట్ కావాలి, ఇన్సూరెన్స్ వాళ్ళని ఒప్పించాలి. ఇళ్ళ కోడ్‌లో ఆర్ 1002 అని ఇటుక హీటర్లకి ఒక సెక్షన్ ఉంది, అది ఏఎస్‌టీఎం ఇ1602 అనే మార్గదర్శకాన్ని చూపిస్తుంది. దాని ప్రకారం కట్టిన ఇటుక హీటర్‌కి ఇన్‌స్పెక్టర్ తల ఊపుతాడు. డ్రమ్ము, మట్టి అరుగు చూపించి ఒప్పించడం కష్టం. నాకు మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా కట్టేసి, రేపు ఏదైనా జరిగితే క్లెయిమ్ కోసం వాళ్ళ చుట్టూ తిరగడం కన్నా ముందే లిఖితంగా అడగడం నయం. ఇదంతా వద్దనుకుంటే, ఉన్న ఫైర్‌ప్లేస్‌లో దూర్చే స్టవ్ (ఇన్‌సర్ట్), అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ సర్టిఫికెట్ ఉన్నది, దానికో లైనర్. రాత్రంతా వెచ్చని అరుగు ఉండదు, కానీ వారం రోజుల్లో పని పూర్తవుతుంది.

కలిపే చోట చిన్న పనులు

అరుగు నుంచి చిమ్నీకి పోయే గొట్టం అడుగుకి పావు అంగుళమైనా పైకి ఎక్కుతూ ఉండాలి. గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూర్చేటప్పుడు ముడతలు పెట్టిన సన్నటి కొస పొయ్యి వైపుకి ఉండాలి. అలా ఉంటే నల్లటి నీళ్ళు అతుకులోంచి కారకుండా లోపలే జారతాయి. నేను మొదట తిరగేసి పెట్టాను. చూడటానికి అదే నీటుగా ఉంటుంది మరి. రెండు వారాలకి అతుకు కింద తెల్లటి గోడ మీద మూడు గోధుమరంగు చారలు, ఇప్పటికీ సున్నం కింద నుంచి బయటికొస్తుంటాయి.

గొట్టం చిమ్నీ గోడలోంచి పెంకు లోపలి అంచు దాకా వెళ్ళి ఆగాలి, ముందుకి పొడుచుకురాకూడదు. వస్తే దారి సగం మూసినట్టే. లైనర్ అయితే అడుగున ఇంగ్లీషు ‘T’ ఆకారపు గొట్టం ముక్క, దాని కింద ఊడదీసే మూత. ఆ మూతకి చెయ్యి అందేలా ముందే చూసుకోండి, మట్టి అరుగు కట్టేశాక గోడ పగలగొట్టాల్సి వస్తుంది. అరుగులో ప్రతి మలుపు దగ్గరా బూడిద తీసే మూత ఒకటి ఉండాలి. పైన టోపీకి జాలీ పెడితే పిట్టలు రావు గానీ సన్నటి జాలీ మసితో మూసుకుపోతుంది. అర అంగుళం కళ్ళున్నది చాలు.

మంట ఆరాక పొయ్యి నోటి మీద మూత వేయాలి, లేకపోతే వెచ్చబడ్డ చిమ్నీ రాత్రంతా ఇంటి వేడిని పైకి లాగుతూనే ఉంటుంది. కానీ నిప్పులు పూర్తిగా చల్లారాకే. ఎర్రటి నిప్పులుండగా మూసి పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తుంది. నేను పడుకునే ముందు ఇనప కడ్డీతో బూడిదని కెలికి, ఎక్కడా ఎరుపు లేదని చూసుకుని మూస్తాను. ఒక్కోరోజు పదకొండున్నర అవుతుంది. అప్పటిదాకా అరుగు మీద కూర్చుంటాను.